నూట పదిహేడు కుర్చీలు

జూన్ 4

ఈ జాడ పుస్తకంలో ఇంతవరకు పేర్లు, అంకెలు తప్ప నేనేమీ రాయలేదు. ఈ రోజు రాయక తప్పడం లేదు. లోపలున్నది ఎక్కడైనా కక్కకపోతే ఎవరి మీదో ఒకరి మీద అరిచేలా ఉన్నాను.

నా పేరు వన్నూరమ్మ. గాలికొండ మరల పాలిటెక్నిక్‌లో మొదటి బ్యాచి. పన్నెండేళ్లు గాలిమరలెక్కాను. నూట ఎనభై మీటర్ల ఎత్తున మర తలకాయలోకి దూరి, గేరుపెట్టెకు చెవి ఆనించి, దానికెక్కడ నొప్పో కనిపెట్టి బాగుచేయడం మా పని. మొదట్లో ఈ పనికి యంత్రాలనే పంపారు. ఎర్రదుమ్ము గాలి లేచిన ప్రతిసారీ వాటి కీళ్లు పట్టేసేవి, వాటిని దింపడానికి మళ్లీ మనుషులే ఎక్కేవాళ్లు. చివరికి నా మోకాలు కూడా పట్టేసింది లెండి. నాలుగేళ్ల కింద నన్ను దింపి కాలేజీలో ఈ బల్ల ముందు కూర్చోబెట్టారు. మా దగ్గర చదివి వెళ్లిన ప్రతి ఒక్కరి జాడా పట్టి, ఏం చేస్తున్నారు, ఎట్లా ఉన్నారు అని ఫారం నింపించి ఏటా తూనికకు పంపడం ఇప్పుడు నా కొలువు.

తూనిక రాజధానిలో ఉన్న లెక్కల యంత్రం. దాన్ని తిట్టుకునే రోజు వస్తుందనుకోలేదు, ఎందుకంటే అది మంచికే పుట్టింది. మా తాతల కాలంలో చదివిందొకటి, చేసిందొకటి. లక్షల మంది ఇంజనీర్లకు వందల్లో పనులు. ఆ దొరికిన పని కూడా నచ్చక లోలోపల కుమిలిపోయినవాళ్లు ఎందరో. ఆ ఏడుపులన్నీ చూసి చట్టం తెచ్చారు. మనిషికి సుఖమివ్వని కొలువుకు ఎవరూ చదువు చెప్పకూడదు. ఏ కోర్సు వాళ్ల సంతృప్తి అయినా వరుసగా మూడేళ్లు ఐదుకు రెండు దాటకపోతే, ఆ కోర్సు మూతే.

ఈ పొద్దున తూనిక నుంచి మాకు ఉత్తరం వచ్చింది. పనిలో ఉన్నవారు నూటికి నూరు. సంతృప్తి ఒకటిన్నర. ఇది మూడో ఏడు. జూలై ఒకటిన కొత్తగా ఎవరినీ చేర్చుకోకూడదు, ఉన్న పదహారు మంది పిల్లల్నీ వేరే చదువులకు సర్దేస్తారు.

ప్రిన్సిపాలు గోవిందప్ప సారు నాకు పాఠం చెప్పిన మనిషి. ఉత్తరం మూడుసార్లు చదివి, కళ్లజోడు తీసి, మనవాళ్లంతా ఇంత బాధలో ఉన్నారా అని నన్నే అడిగాడు. కోర్సు పోతే కొత్తవాళ్లు రారు. ఇప్పుడున్నవాళ్ల మోకాళ్లు కూడా నా మోకాలి దారే పడతాయి. ఆ తర్వాత మరలు ఆగుతాయి, మరలతో నడిచే లోతు బోర్లు ఆగుతాయి, కింద పదకొండు ఊళ్లకు తాగునీళ్లు ఉండవు. ఇది అర్థం కావడానికి తూనిక అక్కర్లేదు, మా వంటామెకు కూడా తెలుసు.

జూన్ 5

ఫారాలన్నీ తీసి బల్ల మీద పరిచాను. నూట పద్దెనిమిది. మొదటి ప్రశ్న, మీ పని బాగుందా? అన్నింట్లోనూ ఒకటో, రెండో. నాది కూడా చూసుకున్నాను. ఒకటి. ఏటా ఒకటే వేశాను, నా చేత్తో నేనే పోస్టులో వేశాను. అప్పుడు నెత్తిన కొట్టుకున్నాను.

బయటివాళ్లకు ఇది చెప్పాలంటే సిగ్గుగా ఉంటుంది. మా కొండ మీద ఎవరూ మర బాగుందనరు, పని బాగుందనరు. మర వింటుంది. విన్న మర చెడుతుంది. పదిహేనేళ్ల కింద తొమ్మిదో మర మీద సుంకన్న "ఈరోజు భలే తిరుగుతాంది" అన్నాడు, సాయంత్రానికి రెక్క కొస ఊడి పక్క చేలో పడింది. ఆ రెక్క బోల్టు మూడు నెలల ముందు నుంచే వదులుగా ఉందని మాకందరికీ తెలుసు. అయినా తప్పు సుంకన్న నోటిదే అయింది. ఆనాటి నుంచి కట్టుబాటు. ఎవరి నోట్లోనైనా, రాతలోనైనా ఆ మాట వస్తే వాళ్లు మూడు పొద్దులు పొడిచేదాకా మర ఎక్కకూడదు.

చదువుకున్నవాళ్లం, బేరింగు లెక్కలు నోటికొచ్చినవాళ్లం, మళ్లీ దీన్నీ నమ్ముతాం. ఫారం చేతికొస్తే ఎవడు ఐదు వేస్తాడు? ఐదు వేసి మూడు రోజులు కింద కూర్చునే ఖర్మ ఎవడికి?

జూన్ 7

తూనికను బతిమాలితే, ఫారాలు మళ్లీ నింపి పంపడానికి వారం గడువిచ్చింది. మా కొండకున్న మూడు గట్లలో, మూడో గట్టు మరలెక్కేవాళ్ల దగ్గరికి వెళ్లాను. ఎందుకో మాత్రం చెప్పలేదు. కోర్సు సంగతి బయటికి పొక్కితే పిల్లలు పుస్తకం తెరవరని గోవిందప్ప సారు నా దగ్గర మాట తీసుకున్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుంది కదా. నా మొహం చూసి ఐదు వేయండి, నేనెప్పుడైనా మీకు చెడు చెప్పానా అన్నాను. గొణిగారు. ఒకడు చేతికి తాయెత్తు ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. చివరికి ఇరవై రెండు మందీ ఐదు వేశారు. ఈ నోటితో కొండనైనా కదిలించగలనని మురిసిపోతూ ఇంటికొచ్చాను.

జూన్ 8

మూడో గట్టులో ఒక్కరూ మర ఎక్కలేదు.

జూన్ 9

రెండో రోజు. నిన్నటి దుమ్ము గాలికి ఏడు మరలకు బ్రేకులు పడ్డాయి. పైకెళ్లి విడిపించే దిక్కు లేదు. మిగతా రెండు గట్లవాళ్లను పంపుదామంటే, వాళ్ల మరలకు వాళ్లే చాలడం లేదు. నాలుగు ఊళ్లలో కొళాయిలు ఆగాయి. పది గంటలకల్లా ఆడవాళ్లు ఖాళీ బిందెలతో కాలేజీ గేటు దగ్గర నిలబడి నన్ను పేరు పెట్టి తిట్టారు. తిట్లలో తప్పేమీ కనిపించలేదు, అందుకే ఎదురు మాట్లాడలేదు. కొరివితో తల గోక్కున్నాను.

గట్టుకు పోయి, అక్కడి జట్టుకు పెద్దయిన ఎర్రిస్వామిని పట్టుకున్నాను. నా బ్యాచివాడే. పొట్లకాయలా సాగి ఉంటాడు, ఎప్పుడూ ఏదో ఒకదాన్ని తిట్టుకుంటూ ఉంటాడు. చదువుకున్నోడివి, ఈ మూఢనమ్మకమేమిటి, పోయి ఎక్కు అన్నాను. వాడు చెట్టు నీడన టీ తాగుతూ, తాపీగా, "నమ్మకం నాది కాదక్కా. మరది. దానికి సెప్పుపో" అన్నాడు. నాకంటే రెండు నెలలు పెద్దవాడు, అయినా కోపమొస్తే అక్కా అంటాడు.

జూన్ 11

పొద్దున మరలెక్కారు. నీళ్లొచ్చాయి. సాయంత్రం తూనిక నుంచి ఇంకో ఉత్తరం. మూడో గట్టులో ఒక్క రోజులో ఒకటిన్నర నుంచి ఐదుకు ఎదిగింది కాబట్టి ఒత్తిడి జరిగినట్టు అనుమానమట. ఆ ఫారాలు చెల్లవు. విచారణకు మనిషిని పంపిస్తోంది.

జూన్ 12

ఊరక రారు మహానుభావులు. వచ్చినవాడి పేరు జోగారావు. ముప్పై మూడేళ్లుంటాయి. తెల్ల బూట్లు, మెత్తటి చేతులు, మంచినీళ్ల సీసా తన వెంటే. రాజధానిలో నీడ మందిరమని పెద్ద చల్లటి భవనం ఉంది, అక్కడ వేల మంది తెరల ముందు కూర్చుని అంకెలు సరిచూస్తారు. ఇతనూ అక్కడివాడే. నువ్వెన్ని మార్కులు వేసుకుంటావు నాయనా అని అడిగితే, పదకొండేళ్లుగా ఐదుకు ఐదని చెప్పాడు. గొప్ప కోసం కాదు, అడిగితే చెప్పాడంతే.

కొట్లాడటానికి సిద్ధంగా ఉన్న నాకు ఆ మనిషి పనే కల్పించలేదు. సుంకన్న కథ, ఐదు కథ, బిందెల కథ అన్నీ విన్నాడు. ఎక్కడా నవ్వలేదు. పదహారేళ్లలో ఎవరూ కొండ వదిలి పోలేదు, ఇంకా సంతృప్తి ఏం కావాలి అని నేను గట్టిగానే అన్నాను. అప్పుడు మాత్రం, "వదల్లేదంటే ఇష్టం ఉందని కాదు మేడం. పోవడానికి దారి లేదేమో" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

తర్వాత ఒక నిబంధన చూపించాడు. మాటకూ చేతకూ పొంతన లేదని అనుమానం వస్తే, చేతనే లెక్కలోకి తీసుకోవచ్చట. నీడ మందిరంలో ఖాళీలున్నాయి. ప్రతి ఒక్కరికీ ఒక కుర్చీ ఇవ్వజూపుతారు. చల్లటి గది, ఇల్లు, పిల్లలకు మంచి బడి. సంతకం పెడితే పది రోజుల్లోనే ప్రయాణం. వద్దంటే కాగితం తిరిగిచ్చేయడమే. పది మందిలో తొమ్మిది మంది వద్దంటే కోర్సు నిలుస్తుంది.

ఉత్తుత్తి కాగితాలేనా అని అడిగాను. కాదట, నిజమైనవే. పెట్టినవాళ్లు నిజంగానే పోతారు. నాకు సంగతంతా తెలుసు కాబట్టి నన్ను లెక్కలోంచి తీసేశారు. మిగిలింది నూట పదిహేడు మంది. పదకొండు సంతకాల దాకా ఫరవాలేదు. పన్నెండోది పడితే అయిపోయినట్టే.

షరతులు ఇంకా ఉన్నాయి. మనిషి పనిలో ఉన్నప్పుడు, ఉన్నచోటే, ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. ఈ కుర్చీలకూ కోర్సుకూ సంబంధం ఉందని వాళ్లకు తెలియకూడదు. నేను వెంట ఉండొచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. చివరి షరతు విన్నాక గోవిందప్ప సారు నా వైపు జాలిగా చూశాడు.

జూన్ 14

వక్కాకు మడిచి బుగ్గన పెట్టుకుని బయల్దేరాను. నోరు మూసుకోవడానికి నాకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

మొదటి మనిషి ఎర్రిస్వామి. జోగారావు పైకి ఎక్కక తప్పలేదు. నూట యాభై మీటర్ల దాకా లిఫ్టు ఉంది, ఆ పైన నిచ్చెన. నడుంపట్టీ నేనే బిగించాను. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను కింద వాకీటాకీ పట్టుకుని కూర్చున్నాను. నిచ్చెన సగంలో ఆయన ఎవరినో తలుచుకోవడం వినిపించింది, దేవుడినో వాళ్లమ్మనో తెలియలేదు.

కుర్చీ సంగతి వినగానే ఎర్రిస్వామి అందుకున్నాడు. అరగంట ఆగలేదు. చేతితొడుగులు చిరిగిపోయాయి, ఆరు నెలలుగా కొత్తవి లేవు. గ్రీజు నాసిరకం. క్యాంటీన్ సంగటిలో ఉప్పుండదు. నడుము పోయింది. పెళ్లాం మొహం చూసి వారమైంది. మొదటివాడే పోయాడు, ఇంక నూట పదహారు మందిని ఏం అడుగుతాం అనుకున్నాను. అంతలో వాడు అడిగాడు.

"ఆ గదిలో కిటికీ ఉంటాదా సార్?"

ఉంటుంది గానీ తెరుచుకోదని జోగారావు నిజమే చెప్పాడు. ఎర్రిస్వామి గేరుపెట్టెను రెంచితో రెండుసార్లు తట్టాడు.

"ఈ మర మొన్నట్నుంచి ఎడమ పక్కకు మూల్గుతాంది. ఇది నాకు తప్ప ఇంగెవరికీ ఇనపడదు. దీన్ని ఎవరికి ఇడిసిపెట్టి రావల్ల నేను? తీస్కోపోండి మీ కాయితం."

కింద నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి ఏడ్చానని ఎవరికీ తెలియదు. జోగారావు దిగి వచ్చి, గట్టు మీద కూర్చుని, తన సీసా నీళ్లన్నీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఇంకెన్ని మరలని అడిగాడు. ముప్పై తొమ్మిది అన్నాను.

జూన్ 17

ముప్పై ఒక్క మందిని అడిగాం. సంతకాలు రెండు.

వద్దనేవాళ్ల కారణాలు జోగారావు పూసగుచ్చినట్టు రాసుకుంటున్నాడు. ఒకామె, ఊళ్లో నీళ్లొచ్చినప్పుడల్లా వాళ్ల అత్త తన పేరు చెప్పుకుంటుందట, రాజధానిలో ఎవరు చెప్పుకుంటారని అడిగింది. ఇంకొకడు, కుర్చీలో కూర్చుంటే నిద్రొస్తుంది సార్, నిద్రపోతే జీతమిస్తారా అన్నాడు. ఇంకొకడు కాగితం చదవనే లేదు. బేరింగు మారుస్తున్నాడు, రెంచి పట్టుకోండని జోగారావు చేతికిచ్చాడు. గంటసేపు పట్టుకున్నాడట పాపం. దిగాక అరచేతులు చూపించాడు, రెండు బొబ్బలు. ఆ చూపించడంలో కాస్త గర్వం కూడా ఉంది.

జూన్ 20

ఈ రోజు లాలెప్ప వంతు. నెమ్మదైన మనిషి, ఐదో బ్యాచి. ఏటా ఫారంలో ఒకటి వేసి, కింద తన పేరు చక్కగా రాసి ఇచ్చేవాడు. అందరూ ఒకటే వేస్తారు కదా, నేను ఎప్పుడూ రెండోసారి చూడలేదు.

కుర్చీ అనగానే చేయి చాచాడట. "యాడ పెట్టల్ల సార్ సంతకం?" అన్నాడు. అంతే. వాకీటాకీలో పెన్ను గీసిన చప్పుడు కూడా వినిపించినట్టే అనిపించింది. దిగి వచ్చాక నా పక్కన కూర్చున్నాడు. ఆరేళ్ల కింద తనతో మర ఎక్కే జతగాడు పైనుంచి పడి చనిపోయాడు. నాకు తెలుసు, నేనూ శ్మశానానికి వెళ్లాను. ఆ రోజు నుంచి ఈ మనిషి రోజూ పొద్దున మర కింద వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, పైకెక్కుతున్నాడట. ఎవరికీ చెప్పలేదు. చెబుతూ నవ్వుతున్నాడు.

మాట్లాడకూడదు. ఆయన చేయి పట్టుకుని ఊరికే కూర్చున్నాను. అందరం ఒకటే వేసుకుంటూ కూర్చుంటే, నిజంగా కళ్లనీళ్లతో వేసిన ఒకటి ఎవరికి కనిపిస్తుంది? జాడ పట్టడం నా పని. నాలుగేళ్లు ఈయన జాడ నా బల్ల మీదే ఉంది, నేను పట్టలేదు. ఈ సంతకం మాకు చేటే అని తెలుసు. అయినా పెట్టినందుకు సంతోషించాను, ఆ మాట ఇక్కడ రాసుకుంటున్నాను.

ఇప్పటికి ఆరు.

జూన్ 24

ఎనభై మూడు మంది అయ్యారు. సంతకాలు తొమ్మిది. అన్నం సయించడం లేదు. పెట్టినవాళ్ల మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు. ఒకరికి కళ్లు సరిగ్గా కనిపించడం లేదు, దాచుకున్నాడు. ఒకామె భర్తది రాజధానిలోనే పని, ఎనిమిదేళ్లుగా ఏడాదికి రెండుసార్లే చూసుకుంటున్నారు. ఎవరి కష్టం వాళ్లది.

జోగారావు ఇప్పుడు నిచ్చెన దగ్గర దేవుడిని తలుచుకోవడం లేదు. తెల్ల బూట్లు ఎర్రగా మారాయి. ఈ రోజు ఇరవై ఆరో మర మీద నుంచి దిగడానికి ఇరవై నిమిషాలు ఆలస్యం చేశాడు. ఏమైందోనని నాకు కంగారు. ఏం లేదట, పైన గేరుపెట్టెకు చెవి ఆనించి వినమన్నారట, విన్నాడట. ఏం వినిపించిందంటే సరిగ్గా చెప్పలేకపోయాడు.

జూన్ 27

నూట పదహారు. సంతకాలు పదకొండు.

మిగిలింది ఒక్క మనిషి, తిప్పక్క. నాలుగేళ్ల కింద పాసైంది. నేను దిగిపోయాక నా మర ఆమెకే ఇచ్చారు. ఇద్దరు కవల ఆడపిల్లలు, ఐదేళ్లవాళ్లు. మొగుడు పోయాడు. ఆ పిల్లలకు కొండ మీద బడి ఒకే గది, ఒకే పంతులు. నీడ మందిరం కాగితంలో మంచి బడి అన్న మాట పెద్ద అక్షరాలతో రాసి ఉంది. వారం కింద అడిగినప్పుడే గడువు కావాలంది, నిబంధనల్లో గడువుంది కాబట్టి జోగారావు ఇచ్చాడు. రేపు చెబుతుంది.

నేనే ఆ స్థానంలో ఉంటే పెట్టేదాన్ని. గోవిందప్ప సారుకు కూడా ఇదే చెప్పాను. ఆయన పిల్లల క్లాసుకు వెళ్లాడు, ఈ రోజు పాఠం కాస్త ఎక్కువసేపే చెప్పాడు.

జూన్ 28

పొద్దున ఏడింటికి మర కింద నిలబడ్డాం. తిప్పక్క నడుంపట్టీ బిగించుకుని వచ్చింది. జోగారావును చూడలేదు, తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"అక్కా, నువ్వు సెప్పు. నీ మాట ఇంటా. ఏం సేయల్ల నేను?"

నా నోట్లో వక్కాకు ఉంది. ఉమ్మేసి మాట్లాడటం ఎంతసేపు. ఉండు అనొచ్చు, ఆమె ఉండిపోయేది. పిల్లల కోసం పో అనొచ్చు, పోయేది. రెండూ నా నాలుక చివర ఉన్నాయి. ఎనిమిది మంది మొదటి ఏడు పిల్లలు, ఎనిమిది మంది రెండో ఏడు పిల్లలు, పదకొండు ఊళ్ల బిందెలు, ఒకవైపు. ఆమె ఇద్దరు పిల్లలు ఒకవైపు. నేను తల వంచుకుని నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. నా జన్మలో అంత కష్టమైన పని చేయలేదు, మర మీద కూడా.

ఆమె చాలాసేపు చూసింది. నీకు ఇంత గర్వమెప్పుడొచ్చిందక్కా అంది. కాగితం మడిచి జేబులో కుక్కుకుని లిఫ్టు ఎక్కింది. ఈ రోజు బ్రేకు పలకలు మార్చే రోజు, మధ్యలో ఆపేది కాదు. మేం కింద ఎదురుచూశాం. పన్నెండైంది. రెండైంది. జోగారావు తన మధ్యాహ్నం రొట్టెలో సగం నాకిచ్చాడు, నేను చేత్తో పట్టుకునే ఉన్నాను.

నాలుగున్నరకు దిగింది. మోచేతుల దాకా నలుపు. జేబులోంచి కాగితం తీసి ఇచ్చింది. అది కాగితంలా లేదు. ఉండ చుట్టి, నల్లగా, గ్రీజు కారుతూ, ఒక మూల చిరిగి ఉంది. జోగారావు రెండు వేళ్లతో విప్పి, సంతకం చోటు కోసం వెతికాడు. ఆ చోటంతా బొటనవేలి మసి.

"పైన గుడ్డ అయిపాయ సార్, దీంతోనే తుడిచినా. ఇంగోటి ఉంటే ఇస్తారా?"

జోగారావు తలెత్తాడు. "సంతకం పెట్టడానికా అమ్మా?" అన్నాడు.

"సంతకమేంది. ఇంగా రెండు పలకలు తుడవల్ల."

పిల్లల బడి సంగతేమిటని ఆయన అడిగాడు, అడగాలి కాబట్టి. తిప్పక్క చేతులు తుడుచుకుంటూ చెప్పింది. రాత్రి పిల్లలతో మాట్లాడిందట. అమ్మ అక్కడేం చేస్తుందని అడిగారట, కుర్చీలో కూర్చుంటానంటే, మరి మర ఎవరెక్కుతారన్నారట. బడి సరిగ్గా లేకపోతే బడిని బాగుచేయించాలి గానీ తాను కొండ దిగడం దేనికని అంది. ఆ మాట నా వైపు చూసి అంది. పంతులును అడగాల్సిందీ, తెప్పించాల్సిందీ నువ్వే అన్నట్టు.

అప్పుడు వక్కాకు ఉమ్మేశాను. పదిహేను రోజుల మాటలన్నీ ఒక్కసారే వచ్చాయి. ఏం మాట్లాడానో నాకే తెలియదు. తిప్పక్కను పట్టుకుని గుండెకు హత్తుకున్నాను, నా చీరంతా గ్రీజు. కోర్సు సంగతి అప్పుడు చెప్పాను. విని, నా వీపు మీద గట్టిగా ఒక్కటి వేసింది. ముందే చెప్పకూడదా అక్కా అని తిట్టింది. తిట్టనీ. నూట పదిహేడులో నూట ఆరు మంది కొండ మీద ఉంటామన్నారు. చల్లటి గది, ఇల్లు, మెత్తటి కుర్చీ, అన్నీ చూసి ఉంటామన్నారు. నా వాళ్లు గెలిచారు.

జూన్ 30

తూనిక ఉత్తరం. కోర్సు ఉంటుంది. ఇక మీదట గాలికొండలో ఆ మొదటి ప్రశ్న అడగరు. దాని బదులు మూడేళ్లకొకసారి అందరికీ కుర్చీ చూపిస్తారు. పోవాలనుకున్నవాళ్లు తలెత్తుకుని పోతారు. ఈ చివరి మాట జోగారావు పట్టుబట్టి రాయించాడు.

లాలెప్ప నిన్న వెళ్లాడు. బస్సెక్కే ముందు పొద్దున కడుపు నిండా తిన్నానక్కా అని చెప్పాడు. ఆయన జాడ కాలమ్‌లో ఐదు వేశాను.

మూడో గట్టుకు చేతితొడుగులు వచ్చాయి. అవి బిగుతుగా ఉన్నాయని ఎర్రిస్వామి అప్పుడే మొదలుపెట్టాడు.

జూలై 1

చేరికలు. ఉన్నవి ఎనిమిది సీట్లు. నిరుడు పదకొండు మంది వచ్చారు, బతిమాలి తెచ్చినవాళ్లతో కలిపి. ఈ రోజు ఎనిమిదింటికి గేటు తీసేసరికి వరస గోడ మలుపు దాటి ఉంది. లెక్కపెట్టాను, తొంభై నాలుగు. రాజధానిలో కుర్చీ ఇస్తామంటే వద్దన్నారట, అంత గొప్ప పనేముందో చూద్దామని వచ్చామని ఒక పిల్ల నాతోనే అంది. గోవిందప్ప సారు కిటికీలోంచి చూసి, లోపలికి పోయి, మొహం కడుక్కుని, కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు.

నిచ్చెన పరీక్ష, చెవి పరీక్ష, లెక్కల పరీక్ష. సాయంత్రానికి ఏడుగురి పేర్లు తేలాయి. ఎనిమిదో పేరు పిలవాలని కాగితం చూసి ఆగిపోయాను. వరసలో పొద్దుటి నుంచి నిలబడ్డాడు, నేను గమనించలేదు. ఎర్రబూట్లు. అరచేతుల్లో బొబ్బలు ఎండి గట్టిపడ్డాయి. నిచ్చెన పరీక్షలో మూడో స్థానం, చెవి పరీక్షలో మొదటిది.

ఎగతాళా అని అడిగాను. ఐదుకు ఐదు కొలువు పెట్టుకుని ఇక్కడికొచ్చి ఏం చేస్తావయ్యా అన్నాను. జోగారావు నిదానంగా చెప్పాడు.

"పదకొండేళ్లు ఐదు వేశాను మేడం. ఒక్కసారీ ఆలోచించి వేయలేదు. ఇక్కడ నూట పదిహేడు మందికి కుర్చీ చూపించాను. అందరినీ అడిగాక తెలిసింది, నన్నెవరూ అడగలేదని. నిన్న నన్ను నేనే అడిగి చూసుకున్నాను."

జేబులోంచి రాజీనామా కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. సంతకం చేసి ఉంది, కొట్టివేతలు లేవు. వెనక సీటు రాని ఎనభై ఆరుగురు చూస్తున్నారు, అధికారి కాబట్టి సీటిచ్చిందంటారు. మార్కుల పట్టీ అందరికీ కనిపించేలా తిప్పి పెట్టాను. ముందువాళ్లు చదివి, సరేనని తలలూపారు.

ఎనిమిదో వరసలో పేరు రాశాను. జోగారావు, వయసు ముప్పై మూడు, ఇంతకుముందు చేసిన పని, నీడ మందిరంలో అంకెలు సరిచూడటం. సోమవారం ఆరింటికి క్లాసు, ఆలస్యంగా వస్తే గేటు బయటే నిలబెడతానని చెప్పాను. ఇప్పుడు మా విద్యార్థే కదా. ఐదున్నరకే వస్తానన్నాడు.